మనిషిలో లోపమా? పనిలో లోపమా?

కాలు లేనివాడు ఏ పనికిని తగడని లోకము తొందరపడి తీర్మానించుచుండును. అయితే ఆ పనికి కాలెంత అవసరమో విచారించువారు అరుదు. ఈ విచారణను లెక్కలతో జరిపిన చోట్లలో అమెరికాలోని ఫోర్డు మోటారు కర్మాగారము ప్రసిద్ధమైనది.

1913లో డిట్రాయిటు చెంతనున్న హైలండ్ పార్కు కర్మాగారమున కార్ల కూర్పును చిన్నచిన్న పనులుగా విడదీసి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అప్పగించిరి. పని ఇట్లు విడిపోయినందున, ఏ భాగమునకు ఎంత బలము, ఏ అవయవము కావలయునో విడిగా పరిశీలింప వీలు కలిగినది. 1922లో వెలువడిన తన గ్రంథమున హెన్రీ ఫోర్డు ఆ లెక్కలను వెల్లడించెను.

మొత్తము 7,882 రకముల పనులు. అందు దృఢకాయులే చేయదగినవి 949. రెండు కాళ్లును లేనివారు చేయగలవి 670, ఒంటికాలివారు 2,637, ఒంటిచేతివారు 715, అంధులు 10, రెండు చేతులును లేనివారు 2. అనగా సగమునకు మించి, 4,034 పనులకు సంపూర్ణ దేహపటుత్వము అక్కరలేదు!

ఒక అంధుని బోల్టులు, నట్టులు లెక్కించు పనిలో నియమించిరి. అక్కడ అప్పటికే ఇద్దరు పనిచేయుచుండిరి. రెండు దినములలో ఆ ముగ్గురి పనిని అతడొక్కడే చేయగలుగుటచే, ఆ ఇద్దరిని వేరుచోటికి మార్పవలసివచ్చెనని ఫోర్డు వ్రాసెను. ఇట్టివారికి పూర్తి వేతనమే ఇచ్చిరి. ఇది దానము కాదు, ఉద్యోగము.

అయినను ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. పని ఉన్నది ఉన్నట్లే ఉండగా, దానికి సరిపడు మనిషిని వెదకిరి. అంధులకు పదిరకముల పనులే దొరకుటకు చూపులేమి ఒక్కటే కారణమా? పనిముట్లన్నియు చూపుగలవారికొరకే రూపొందుట మరియొక కారణము. తెరమీది అక్షరములను చదివి వినిపించు కంప్యూటరు నేడు అంధులకు కార్యాలయముల తలుపులు తెరచినది. మనిషి మారలేదు, పనిముట్టు మారినది.

చట్టములును ఈ దారినే నడచినవి. 20 మందికి తక్కువకాని సంస్థలు నూటికి 3 చొప్పున వికలాంగులను చేర్చుకొనవలెనని 1944లో బ్రిటను శాసించెను. ఉద్యోగికి తగినట్లు పనిచోటును సవరింపవలెనని 1990 నాటి అమెరికా చట్టము విధించెను. ఉద్యోగములో ఉండగా వికలాంగుడైనవానిని ప్రభుత్వ సంస్థలు తొలగింపరాదనియు, అదే జీతముపై తగిన పనికి మార్పవలెననియు మన దేశమున 1995 చట్టము నిర్ణయించెను. 2016 చట్టము దానిని నిలిపి, తగిన సౌకర్యములు కల్పించుటను ప్రభుత్వ సంస్థలకు విధిగా చేసెను.

విద్యార్థులారా, మీ ప్రయోగశాలను ఒకసారి పరికింపుడు. చక్రముల కుర్చీలో కూర్చున్న సహపాఠికి బల్ల అందునా? అందనిచో, కొలిచి సవరింపవలసినది బల్లను.