జతపరచిన ఫైళ్ళు ఎట్లు ప్రయాణించును?

కార్యాలయమునకు పంపు అర్జీ అడుగున "జతపరచినవి: 3" అని వ్రాసి, ఆ పత్రములను గుండుసూదితో కూర్చి ఒకే కవరులో పెట్టుట మనకు తెలిసిన పద్ధతియే. ఈ-మెయిలులో కూడ ఒకే లేఖకు రెండు ఫోటోలు, ఒక మార్కుల పట్టిక, ఒక పాట జతచేసి పంపుచున్నాము. పైకి రెండును ఒకటే. కాని ఈ-మెయిలులో కవరు లేదు, సూది లేదు. పోవునది ఒకే ఒక పొడవైన ఉత్తరము. అందు ఫోటోయు అక్షరములే, పాటయు అక్షరములే. ఇట్లు ఏల చేయవలసివచ్చినదో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను.

1971లో రే టామ్లిన్సన్ అను అమెరికన్ ఇంజనీరు ఆర్పానెట్ మీదుగా ఒక కంప్యూటరు నుండి మరియొక దానికి లేఖ పంపినాడు. లేఖల రవాణాకు 1982లో జాన్ పోస్టెల్, లేఖల రూపమునకు అదే యేట డేవిడ్ క్రాకర్ నియమములు కూర్చినారు. ఆ నియమముల ప్రకారము లేఖలో ఆస్కీ సంకేతములు మాత్రమే ఉండవలెను. ఇవి 128. ఒక్కొక్క దానికి 7 బిట్లు చాలును. ఇంగ్లీషు అక్షరములకు, అంకెలకు, విరామ చిహ్నములకు ఇది సరిపోయినది. తెలుగు 'అ'కు అందు చోటు లేదు. ఫోటో ఫైలునకును లేదు; ఏలయన ఫైలులోని ప్రతి బైటులో 8 బిట్లు ఉండును, దారిలోని కొన్ని యంత్రములు ఎనిమిదవ బిట్టును తుడిచివేసెడివి. అట్లు చేరిన ఫోటో ఎందుకును పనికిరాదు.

అవసరము మాత్రము ఆగలేదు. 1980లో బర్క్లీ విశ్వవిద్యాలయమున మేరీ ఆన్ హార్టన్ ఫైలును అక్షరములుగా మార్చు 'యూయూ ఎన్‌కోడ్' అను ప్రోగ్రామును వ్రాసినది. అది చాల కాలము ఉపకరించినది. అయితే అందు ఖాళీ స్థలము కూడ ఒక గుర్తే. కొన్ని యంత్రములు పంక్తుల చివరి ఖాళీలను కత్తిరించుటచే ఫైలు చెడిపోయెడిది. పెద్ద ఫైలును ముక్కలు చేసి పలు లేఖలుగా పంపవలెను. అందుకొన్నవారు వాటిని వరుస తప్పకుండ చేతితో అతుకవలెను.

వేరొక మార్గమును ఉండెను. అంతర్జాతీయ టెలిఫోను, టెలిగ్రాఫు సమితి 1984లో ప్రకటించిన ఎక్స్.400 ప్రమాణము పలు భాగములు గల సందేశములను మొదటినుండియే అంగీకరించినది. కాని దానిని పాటింపవలెనన్న అంతటను కొత్త ఏర్పాట్లు కావలెను. దేశమంతట రైలు పట్టాల గేజిని ఒకేసారి మార్చుట వంటి పని అది.

బెల్‌కోర్ సంస్థలోని నథానియల్ బోరెన్‌స్టైన్, ఇన్నోసాఫ్ట్ సంస్థలోని నెడ్ ఫ్రీడ్ పట్టాలను ముట్టుకొనలేదు. మూట కట్టు విధమును మార్చినారు. 1992 మార్చి 11న బోరెన్‌స్టైన్ పంపిన లేఖలో తన సంస్థ ఉద్యోగుల గాయకబృందపు ఫోటోయు, వారు పాడిన పాటయు జతగా వెళ్ళినవి. ఆ సంవత్సరము జూనులో వారి పద్ధతి 'మైమ్' అను పేర ప్రకటితమైనది.

మూట కట్టు విధానమును విద్యార్థులు కాగితముపై చేసి చూడవచ్చును. ఫైలులోని 3 బైట్లను, అనగా 24 బిట్లను, ఆరేసి బిట్ల నాలుగు గుంపులుగా విడదీయవలెను. 6 బిట్లతో 0 నుండి 63 వరకు 64 సంఖ్యలు వచ్చును. 0 మొదలు 25 వరకు ఇంగ్లీషు పెద్ద అక్షరములు, 51 వరకు చిన్న అక్షరములు, 61 వరకు అంకెలు, తరువాత కూడిక గుర్తు, ఏటవాలు గీత. ఇవి ఏ యంత్రమును చెరుపని గుర్తులు. మన 'అ' యూటీఎఫ్-8 పద్ధతిలో సరిగా 3 బైట్లు: 11100000, 10110000, 10000101. ఆరేసిగా విడదీసిన 111000, 001011, 000010, 000101 వచ్చును. అనగా 56, 11, 2, 5. పట్టికలో చూచిన 4 అంకె, తరువాత ఎల్, సి, ఎఫ్ పెద్ద అక్షరములు. ఫోటో ప్రయాణమునకు వేసిన దారియే తెలుగు లేఖకును దారియైనది.

ఇక పెక్కు ఫైళ్ళు ఒకే లేఖలో కలిసిపోకుండుట ఎట్లు? లేఖ శిరోభాగమున ఒక హద్దు మాట ప్రకటింపబడును. రెండు అడ్డగీతలతో మొదలగు ఆ మాట గల పంక్తి కనబడినచోట క్రొత్త భాగము ఆరంభమగును. చివరను కూడ రెండు గీతలు ఉన్నచో భాగములన్నియు ముగిసినట్లు. ఆ మాటయే ఫైలులోను ఉన్నచో ఏమగును? చదువరులకు ఈ సందేహము కలుగుట సహజము. దీనికి చక్కని ఉపాయమున్నది: సమాన గుర్తును, దానివెంట అడుగుగీతను హద్దు మాటలో చేర్చినచో చాలును, మూటకట్టిన భాగములో ఆ జంట ఎన్నడును రాదు. ప్రతి భాగమునకు ముందు అది చిత్రమో, శబ్దమో, పాఠమో తెలుపు చీటీ ఉండును.

ఈ సౌకర్యమునకు వెల కలదు. 3 బైట్లు 4 అగుటచే బరువు మూడవవంతు పెరుగును. పంక్తి విరుపులతో కలిపి సుమారు 37 శాతము. మూట మొత్తము 25 మెగాబైట్లు దాటరాదని హద్దు ఉన్నచో, అసలు ఫైళ్ళన్నియు కలిసి 18 మెగాబైట్లకు మించరాదు. ఎనిమిదవ బిట్టును కాపాడు యంత్రములు తరువాత వచ్చినను, జతపరచిన ఫైళ్ళు నేటికిని ప్రాయికముగా ఈ విధముననే పోవుచున్నవి.

విచిత్రమేమనగా, జతపరచిన భాగమును లేఖలోనే చూపవలెనా, విడిగా ఉంచవలెనా అని తొలి మైమ్‌లో స్పష్టముగా లేదు. ఆ సూచనయు, ఫైలు పేరును తెలుపు పద్ధతియు 1995లో చేరినవి. 1997 నియమముతో ఆ పేరు ఇతర లిపులలోను ఉండవచ్చునన్నారు. 'అర్జీ' అని తెలుగులో పేరు పెట్టిన ఫైలు ఆ పేరుతోనే చేరుటకు మార్గము అప్పుడు ఏర్పడినది. 1996లో మైమ్ నియమములను సవరించినప్పుడు దాని సంఖ్యను మార్చలేదు. ఫైళ్ళు జతచేసిన లేఖ శిరోభాగమును విప్పి చూచిన, మైమ్ వెర్షన్ 1.0 అనియే నేటికిని కనబడును.