వల్లె వేయడం, అప్పజెప్పడం

పాఠం వల్లె వేయడం వేరు, అప్పజెప్పడం వేరు. పుస్తకం ముందు పెట్టుకుని అదే వాక్యాన్ని పదిసార్లు పైకి చదివితే వల్లె వేయడం. పుస్తకం మూసి, ఎదుటి మనిషికి గుర్తున్నంత చెబితే అప్పజెప్పడం. పామర్రు దగ్గర పల్లెలో ఉండే మా అమ్మమ్మకి అక్షరాలు రావు గాని, విని నేర్చిన ఎక్కాలు ఇరవై దాకా వచ్చు. సాయంత్రాలు అరుగు మీద బియ్యం చెరుగుతూ మా చేత చెప్పించుకునేది. తప్పు దొర్లితే చేట చప్పుడు ఆగిపోయేది. తిట్టేది కాదు, సరైన అంకె అందించేదీ కాదు. చేట మళ్లీ కదలాలంటే ఆ అంకె మేమే వెతుక్కోవాలి.

ఈ రెండు పనుల ఫలితం ఒకటి కాదని చెప్పే ప్రయోగాలు చాలా ఉన్నాయి. ఎక్కువగా ప్రస్తావించేది 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద చేసింది. వాళ్లు ఒక చిన్న గద్యభాగాన్ని రెండుసార్లు చదివారు. మరో గద్యభాగాన్ని ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ చదివినదానిదే పైచేయి: 81 శాతానికి 75. వారం తర్వాత లెక్క తిరగబడింది. మళ్లీ చదివినదాంట్లో 42 శాతమే మిగిలింది, చూడకుండా రాసినదాంట్లో 56. రెండో ప్రయోగంలో తేడా ఇంకా పెరిగింది. వారం తర్వాత నాలుగుసార్లు చదివినవాళ్లకు 40 శాతం, ఒకసారి చదివి మూడుసార్లు గుర్తుచేసుకున్నవాళ్లకు 61 శాతం. వారం తర్వాత తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పినవాళ్లు మాత్రం నాలుగుసార్లు చదివినవాళ్లే.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది ఈ చివరి సంగతే. విజయవాడ పటమటలో మా పక్కింటి అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. ఒకరోజు పొద్దున్నే జువాలజీ పాఠం మూసి, పాత క్యాలెండర్ కాగితం వెనక గుండె బొమ్మ గీసి పేర్లు రాస్తోంది. అయ్యాక పుస్తకం తెరిచి, వదిలేసిన చోట్ల ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. "ఎన్ని పోయాయమ్మా?" అని అడిగాను. "ఐదు, ఆంటీ. చదివేటప్పుడు అన్నీ వచ్చేసినట్టే అనిపించింది" అంది. చదువుతున్నప్పుడు కంటికి తెలిసినదిగా అనిపించే ప్రతిదాన్నీ మనసు 'వచ్చేసింది' అని లెక్కేసుకుంటుంది. ఆ లెక్క తప్పని ఆ ఐదు ఎర్ర సున్నాలు చూపించాయి.

ఇక్కడే కొంచెం ఆగాలి. చిన్న గద్యభాగాలు, ఒక వారం, కాలేజీ పిల్లలు: ఇంత ఇరుకు చోట దొరికిన ఫలితాన్ని ఇంటర్ భౌతికశాస్త్రానికి అలాగే తగిలించలేం. తరగతి గదుల్లో జరిగిన 50 ప్రయోగాలను పూజా అగర్వాల్, ఆమె సహ పరిశోధకులు 2021లో సమీక్షించారు. ఎక్కువ ప్రయోగాల్లో మేలు మధ్యస్థంగానో పెద్దదిగానో కనిపించింది. అయితే వాటిలో సంపన్న పాశ్చాత్య సమాజాలకు బయట జరిగినవి నూటికి ఆరు మాత్రమే. పాఠంలో విషయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నకొద్దీ ఈ మేలు తగ్గుతుందని 2015లో వాన్ గోగ్, స్వెల్లర్ వాదించారు. కార్పికీ, ఆవే ఆ వాదనను ఖండించారు. ఆ వాదం తేలేదాకా కణం భాగాల పేర్లకు చెప్పినంత ధీమాగా భ్రమణ గతిశాస్త్రం లెక్కలకు చెప్పడం తొందరపాటే.

విజయవాడ పరిస్థితి వేరు. బెంజి సర్కిల్ హోర్డింగుల మీద ర్యాంకులు, పోరంకి, కానూరు, గూడవల్లి వైపు రెసిడెన్షియల్ క్యాంపస్‌లు, వారం వారం టెస్టులు. పైపైన చూస్తే ఈ ఊరు పరిశోధకుల మాట వాళ్లకంటే ముందే విన్నట్టుంటుంది. ఇంత తరచుగా పిల్లల చేత గుర్తుచేయించే చోటు ఇంకెక్కడ ఉంటుంది? కానీ టెస్టు పెట్టడం, అప్పజెప్పించుకోవడం ఒకటే అనుకోవడానికి నాకు మనసొప్పదు.

తేడా భయంలో ఉందని చూపే ఆధారం ఒకటుంది. హింజ్, ర్యాప్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఫలితం మీద ఒత్తిడి పెట్టి క్విజ్ రాయించినప్పుడు, తర్వాత గుర్తుండే మేలు కనిపించలేదు. ఒత్తిడి లేకుండా రాసినవాళ్లకు ఆ మేలు దక్కింది. అదే ఏడు వచ్చిన ఒక సర్వేలో, మార్కులకు పెద్ద విలువ లేని చిన్న చిన్న క్విజ్‌లకు అలవాటుపడిన 1,408 మంది అమెరికా బడి పిల్లల్లో 72 శాతం పరీక్షల ముందు కంగారు తగ్గిందన్నారు. మొదటిది ఒక్క ప్రయోగమే, రెండోది పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్న మాట. రెండింటినీ అంతమేరకే తీసుకోవాలి. అయినా, ఆదివారం టెస్టు ర్యాంకు సోమవారం గోడకెక్కి, దాన్ని బట్టి సెక్షన్ మారే చోట ఆ టెస్టు పిల్లవాడికి ఎంత నేర్పుతోంది, ఎంత హడలెత్తిస్తోంది అని అడగడానికి అవి చాలు.

బిట్ల సంగతి మరోటి. నాలుగు జవాబుల్లో తప్పుదాన్ని ఎంచుకున్నవాడు ఆ తప్పునే నిజమని గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉందని 2005లో రోడిగర్, మార్ష్ చూపించారు. సరైన జవాబు చెబితే ఆ ప్రమాదం తగ్గుతుందని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. అందుచేత 'కీ' ఇచ్చి పంపేయకుండా, ఎందుకు తప్పో చూసుకునే అరగంట ఇవ్వాలి. పరీక్ష రాసిన మూడు గంటలకంటే ఆ అరగంటే విలువైనది కావచ్చు. రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్ గురించి కూడా ఒక మాట. లాస్ ఏంజెలెస్‌లో 535 మంది హైస్కూలు పిల్లల డైరీలను పరిశీలించినవాళ్లు 2013లో తేల్చిందేమిటంటే, నిద్ర తగ్గించుకుని మామూలుకంటే ఎక్కువ చదివిన మర్నాడు పాఠం అర్థం కాకపోవడం, టెస్టు చెడిపోవడం ఎక్కువ. ఇది ప్రయోగం కాదు, పరిశీలన.

ఈ తేడా మన నేలకు కొత్తది కాదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి తన జిల్లా బడుల మీద నివేదిక పంపాడు. ఆయన తెలుగు వ్యాకరణం రాసినవాడు. పిల్లలు అర్థం తెలియని పద్యాలను చిలకపలుకుల్లా బట్టీ పెడుతున్నారని అందులో నొచ్చుకున్నాడు. అదే నివేదికలో, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెబుతూ తమ చదువును గట్టిపరచుకునే పద్ధతిని మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం తగిన పనేనన్నాడు.

గుర్తుచేసుకోవడానికి మన దగ్గరి మరో ఉదాహరణ బందరులో దొరుకుతుంది. అక్కడి హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తిరుపతి వేంకట కవుల్లో ఒకరు, శతావధాని, విశ్వనాథ సత్యనారాయణగారికి గురువు. అవధానాన్ని జ్ఞాపకశక్తి ప్రదర్శనగానే చూస్తాం గాని, దాని నిర్మాణాన్ని గమనించండి. అష్టావధానంలో సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి అడిగే నలుగురికీ ఆవృత్తికి ఒక్కో పాదం చొప్పున చెప్పుకుంటూ పోతారు. ఒక పద్యం మొదటి పాదానికీ రెండో పాదానికీ మధ్య మిగతా పృచ్ఛకులంతా వచ్చిపోతారు, అప్రస్తుత ప్రసంగి అడ్డొస్తాడు, గంటలు మోగుతాయి. తిరిగి వచ్చేసరికి పాత పాదాన్ని మనసులోంచి తీసుకుని కొత్తది అతకాలి. చివర ధారణలో నాలుగు పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. ఎడం ఇచ్చి, అడ్డంకుల మధ్య, కాగితం లేకుండా పదే పదే గుర్తుచేసుకోవడమే ఇది. అయితే ఇది పోలిక, నిరూపణ కాదు. అవధానులు అరుదైన ప్రతిభావంతులు. పైగా ఛందస్సు, యతి, ప్రాస వాళ్లకు ఊతమిస్తాయి. రసాయనశాస్త్రం సమీకరణానికి ప్రాస ఉండదు.

ఎంత ఎడం ఇవ్వాలన్న దానికి మాత్రం అంకెలున్నాయి. 1,350 మందికి పైగా పాల్గొన్న అధ్యయనాన్ని సెపెడా బృందం 2008లో ప్రచురించింది. వారం తర్వాత గుర్తుండాలంటే ఒక రోజు ఎడంతో, దాదాపు ఏడాది తర్వాత గుర్తుండాలంటే మూడు వారాల ఎడంతో మళ్లీ చూసుకోవడం మేలని తేలింది. వాళ్లు నేర్పినవి పాఠాలు కావు, విడివిడి విషయాలు. కాబట్టి మూడు వారాలన్నది కచ్చితమైన మందు మోతాదు కాదు. అయినా జూన్‌లో చెప్పిన అధ్యాయాన్ని ఆ వారం టెస్టుతో ముగించి ఫిబ్రవరిలో రివిజన్‌కు తీసే అలవాటును తిరిగి ఆలోచించుకోవడానికి చాలినంత ఆధారం.

పరీక్ష పెట్టినంత మాత్రాన చదువు పెరగదని చెప్పే గట్టి సాక్ష్యం మన రాష్ట్రంలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగాల్లో ఒకటి 2010లో అచ్చయింది. పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో విశ్లేషించి టీచర్లకు నివేదికలిచ్చారు, తరగతులను గమనించారు. పరిశీలకులు ఉన్నప్పుడు టీచర్లు ఎక్కువ శ్రద్ధగా పనిచేశారు. పిల్లల మార్కులు మాత్రం ఈ కార్యక్రమం లేని బడుల కంటే పెరగలేదు. కొలిచిన కాగితం టీచరు బల్ల మీదికి చేరింది గాని, పిల్లవాడు తన తప్పును తాను వెతుక్కునే పనిగా మారినట్టు లేదు. ఇది నా వ్యాఖ్యానం, ఆ పరిశోధకుల మాట కాదు.

విజయవాడలోనే ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. ఒకే లెక్చరరు చెప్పే రెండు సెక్షన్లు తీసుకుని, చీటీ వేసి ఒకదాన్ని ఎంచాలి. నాలుగు వారాల పాటు ఆ సెక్షన్ స్టడీ అవర్ చివరి పది నిమిషాలు పుస్తకాలు మూసి, తెల్లకాగితం మీద ఆ రోజు పాఠం రాసి, తెరిచి దిద్దుకోవాలి. రెండో సెక్షన్ అదే పది నిమిషాలూ మళ్లీ చదవాలి. ఆ తర్వాతి నాలుగు వారాలు కొత్త పాఠాలతో పద్ధతులు తారుమారు చేయాలి. ప్రతి విడతకూ మూడు వారాల తర్వాత చెప్పకుండా పరీక్ష పెట్టాలి. అందులో బిట్లు సగమే ఉండాలి, మిగతా సగం పాఠంలో లేని కొత్త లెక్కలు, కారణం అడిగే ప్రశ్నలు. దిద్దేవాళ్లకు ఏ కాగితం ఏ సెక్షన్‌దో తెలియకూడదు. రోజూ రాసిన ఆ తెల్లకాగితాలను ఎవరూ అడగకూడదు, మార్కులు వేయకూడదు. అవి పిల్లల బ్యాగుల్లోనే ఉండిపోవాలి.