ఆఫీసు షెడ్డు నుంచి ఇంటి వసారాకు: జీపు కథ

మన సంఘ సభ్యులలో జీపు ఎక్కనివారు అరుదు. క్యాంపులకు, తనిఖీలకు, ఎన్నికల పెట్టెలు చేరవేయడానికి, వరదలొచ్చినపుడు ఏటి కట్టల మీదికి పోవడానికి మనకు అదే దిక్కు. వెనుక పలక మీద 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని రాసి ఉండే ఆ బండి నేడు కార్యాలయాల ముందు కనిపించదు. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనాలు మినహా, 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషను పొడిగించడం లేదు. అంటే ఇకమీదట పాత జీపు మిగిలితే ఇళ్ళలోనే మిగలాలి. అటువంటిదొకటి మా వసారాలో ఉన్నది గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

జీపు పుట్టింది యుద్ధం కోసం. 1940 జూలైలో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల చోదక వాహనం కావాలని 135 కంపెనీలకు వర్తమానం పంపింది. మొదటి నమూనా బండికి ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ, కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు సాయంతో, సెప్టెంబరు 23న దానిని సైన్యానికి అప్పగించింది. పెద్ద ఎత్తున తయారుచేసే కాంట్రాక్టు మాత్రం 60 అశ్వశక్తి ఇంజను ఉన్న విల్లీస్ కంపెనీకి దక్కింది. ఫోర్డు కంపెనీ కూడా అదే నమూనాను తయారుచేసింది. యుద్ధం ముగిసేసరికి ఈ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి.

1945లో విల్లీస్ రైతుల కోసం పౌర జీపును విడుదల చేసింది. మన దేశంలో మహీంద్రా వారు బొంబాయి మజగావ్‌లో విడిభాగాలు తెప్పించి జీపులు బిగించడం ప్రారంభించారు. 1953లో వచ్చిన సీజే-3బి నమూనాలో ఇన్‌టేక్ వాల్వులు ఇంజను పైభాగానికి వెళ్ళడంతో ఇంజను ఎత్తు పెరిగింది, దానితో బానెట్టూ ఎత్తయింది. మనం ఎక్కి తిరిగిన జీపులలో చాలా వాటిది ఆ ముఖమే.

యుద్ధభూమిలో వర్క్‌షాపు ఉండదు. నడిపే సిపాయే నాలుగు స్పానర్లతో బాగుచేసుకోవాలి. అందుకే జీపులో ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. ఎనభై ఏళ్ళ తరువాత ఒక పెన్షనరు దానిని ఇంటివద్ద విప్పి బిగించుకోగలగడానికి కారణం ఇదే.

నేను రిటైరయిన తరువాత, శాఖాపరమైన వేలంలో కొన్న ఒకాయన దగ్గర నుంచి పెట్రోలు జీపు తీసుకున్నాను. మూడు నెలలు తంటాలు పడితే ఇంజను పలికింది. ఆ సంబరంలో వీధిలోకి తీశాను. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు నేలకు దిగిపోయింది. ఎదుట ఇసుక కుప్ప ఉండబట్టి సరిపోయింది. బడి వదిలే వేళయితే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. పాత జీపులో నాలుగు చక్రాలకూ ఒకే మాస్టర్ సిలిండరు. ఆ గొట్టం ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి.

మా శాఖలో డ్రైవరుగా చేసిన మిత్రుడొకరు ఆ సాయంత్రం వచ్చి చూశారు. "ఆపడం చేతగాని బండిని కదిలించడం ఎందుకు సార్?" అన్నారు. నా అసలు చదువు అక్కడ మొదలయింది.

ఆయన చెప్పిన వరుస ఇది. ముందు బ్రేకులు. సిలిండర్లు విప్పి, రబ్బర్లు, గొట్టాలు మార్చి, కొత్త ద్రవం పోయాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. అందువల్ల లోపల తుప్పు పడుతుంది. ఆ తరువాత స్టీరింగు, పిదప పెట్రోలు టాంకు. జీపులో టాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది కనుక దానిని దించి దూరంగా పెట్టనిదే ఆ దరిదాపుల వెల్డింగు చేయించకూడదు. ఖాళీ టాంకులో మిగిలే ఆవిరి మరీ ప్రమాదం. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది, అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. వాటినీ మార్చాలి. ఇంజను, రంగు చివరివి.

నాలుగు చక్రాల గేరు సంగతి చాలామందికి తెలియదు. ట్రాన్స్‌ఫర్ కేసు ఇంజను శక్తిని ముందుకూ వెనుకకూ పంచుతుంది. మలుపు తిరిగేటపుడు ముందు చక్రాలు వెనుకవాటికంటే ఎక్కువ దూరం పోవాలి. బురదలో, ఇసుకలో చక్రం జారి సర్దుకుంటుంది. గట్టి తారురోడ్డు మీద జారదు కాబట్టి ఆ బిగువంతా గేర్ల మీద, టైర్ల మీద పడుతుంది. కనుక తారురోడ్డు మీద ముందు చక్రాల గేరు వేయరాదు. అయితే నెలకొకసారి మట్టిదారిలో కొంతదూరం వేసి నడిపితే ఆ భాగాలకు నూనె అందుతుంది.

ఇక నెలవారీ పని కొద్దిపాటిదే. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు యాక్సిళ్ళలో ఆయిలు మట్టం చూడాలి. కమాను కట్టల షాకిళ్ళకు, ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లకు గ్రీజు కొట్టాలి. కాళ్ళ కింది రేకుకు అడుగున చేరిన మట్టి కడగాలి. జీపును తినేది వయసు కాదు, తడి మట్టి.

మా మనవడు పెద్ద టైర్లు, కొత్త డీజిలు ఇంజను వేయిద్దామన్నాడు. వద్దన్నాను. 50 ఏళ్ళు దాటి, మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021 జూలై నిబంధనల కింద వింటేజి రిజిస్ట్రేషను ఉన్నది. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. ఆ రిజిస్ట్రేషనుతో రోజువారీ ప్రయాణాలకు, బాడుగకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తీయవచ్చు. ఛాసిస్, ఇంజను మారిస్తే ఆ అర్హత పోతుంది.

నాకు పని నేర్పిన మిత్రుడు గత సంవత్సరం కాలం చేశారు. స్క్రూడ్రైవరు ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, ఏ వాల్వు మోగుతున్నదో చెప్పేవారు. ఆయన చెప్పగా నేను నోటుపుస్తకంలో రాసుకున్నది పదహారు పేజీలు. రాసుకోనిది ఆయనతోనే పోయింది. విడిభాగాలు వెదికితే దొరుకుతాయి, ఆ చెవి దొరకదు.

మన సంఘంలో డ్రైవర్లుగా, మెకానిక్కులుగా పనిచేసినవారు ఇంకా ఉన్నారు. వారి దగ్గర కూర్చుని తెలిసినది చెప్పించి రాసిపెట్టవలసినదిగా సభ్యులను, వారి పిల్లలను కోరుతున్నాను. మా వసారాలో స్టూలు, నోటుపుస్తకం సిద్ధంగా ఉన్నవి.