రిజిస్ట్రేషన్ శాఖలో కంప్యూటరీకరణ: 'కార్డ్' పథకం

స్థిరాస్తుల రిజిస్ట్రేషన్ విధానాన్ని సరళీకరించే నిమిత్తం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1998లో 'కార్డ్' పథకాన్ని అమలులోనికి తెచ్చింది. కంప్యూటర్ ఎయిడెడ్ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ రిజిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్ అన్న పేరుకు ఇది సంక్షిప్త రూపం. తొలి విడతలోనే రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో కంప్యూటర్లు ఏర్పాటయ్యాయి. బిల్లుల చెల్లింపునకు 2001లో వచ్చిన ఈ-సేవ కేంద్రాల కంటే ఇది ముందటిది.

అంతకు పూర్వం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టాన్ని అనుసరించి, స్థిరాస్తి దస్తావేజులను ఒకటవ నంబరు పుస్తకంలో పూర్తిగా చేతితో నకలు వ్రాసేవారు. పేర్ల వారీగా ఒకటి, ఆస్తుల వారీగా ఒకటి చొప్పున సూచికలు ఉండేవి. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) కోరిన ప్రతిసారీ సిబ్బంది ఈ సూచికలను సంవత్సరాల వారీగా తిరగవేయవలసి వచ్చేది. ఒక్క పద్దు కంటపడకపోయినా పాత తనఖా మరుగున ఉండిపోయి, కొనుగోలుదారు నష్టపోయే ప్రమాదం ఉండేది. మార్కెట్ విలువ, స్టాంపు సుంకం లెక్కలు సామాన్యునికి అంతుబట్టేవి కావు. మధ్యవర్తుల ప్రాబల్యానికి ఈ అస్పష్టతే మూలమనడం అతిశయోక్తి కాదు.

నూతన విధానంలో విలువ, సుంకం లెక్కలు కంప్యూటరు ద్వారా జరిగాయి. నకలు వ్రాతకు బదులు స్కానింగ్ వచ్చింది. రోజులు పట్టే ఈసీ నిమిషాలలో అందసాగింది. వీటన్నిటి వెనుక ఉన్న అసలు శ్రమ పాత సూచికల నమోదు. 1983 నుండి జరిగిన లావాదేవీల వివరాలను కంప్యూటరుకు ఎక్కించారు. ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఆన్‌లైన్ ఈసీ అన్వేషణ నేటికీ సాధారణంగా ఆ సంవత్సరం నుండే లభించడానికి కారణం ఇదే. అంతకు ముందటి వివరాలకు కార్యాలయంలోని పుస్తకాలే శరణ్యం.

అయితే ఈసీ యాజమాన్య హక్కు పత్రం కాదు. చట్టం ప్రకారం రిజిస్టరయ్యేది దస్తావేజే గాని హక్కు కాదు. రిజిస్టరు కాని ఒప్పందాలు, మౌఖిక భాగపరిష్కారాలు ఈసీలో కనిపించవు. పహాణీ, పట్టాదారు వివరాలు రెవెన్యూ శాఖ అధీనంలో వేరుగా ఉండటంతో, రిజిస్ట్రేషన్ పూర్తయిన పిదప మ్యుటేషన్ కోసం రైతు మరో కార్యాలయానికి వెళ్లవలసి వచ్చేది.

ఈ ఎడాన్ని తొలగించే ఉద్దేశంతో తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌ను, మ్యుటేషన్‌ను తహశీల్దారు కార్యాలయంలోనే ఒకేసారి జరిపే ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న ప్రారంభించింది. వేగం పెరిగింది గాని, పాత రికార్డులలోని తప్పులు అలాగే కొత్త వ్యవస్థలోనికి వచ్చి చేరడంతో సవరణల కోసం దరఖాస్తులు వెల్లువెత్తాయి. దీని స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతిలో రికార్డుల సవరణకు, అప్పీలుకు చట్టపరమైన అవకాశం కల్పించారు.