మధుమేహము – గుండె – మాంసకృత్తులు కాని ఆర్.ఎన్.ఎ.లు

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరుకు కావలసిన పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రపరుస్తారు. ఆ దవడ బట్టలో ఎక్కడా కనబడదు. అయినను నూలు నాణ్యము దానిపై ఆధారపడి ఉన్నది. జీవకణములలో కూడ ఇట్టి పనిముట్లు ఉన్నవి. మధుమేహ రోగుల గుండె ఎందుకు చెడునో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు నేడు వీనిని పరిశీలించుచున్నారు.

1972లో న్యూయార్కులో రూబ్లరు, ఆయన సహచరులు నలుగురు మధుమేహ రోగుల శవపరీక్షల ఫలితములు ప్రకటించారు. వారికి హృదయ వైఫల్యము ఉండెను. కాని హృద్ధమనులలో దానికి తగిన పూడిక లేదు. అనగా మధుమేహము గుండె కండరమునే నేరుగా దెబ్బతీయగలదన్నమాట. మధుమేహము గల పురుషులకు హృదయ వైఫల్యము రెండింతలకు పైగా, స్త్రీలకు ఐదింతలు వచ్చునని 1974లో అమెరికాలోని ఫ్రామింగ్‌హాం పరిశోధన తెలిపినది.

గుండె కొట్టుకొనుటకు శక్తినిచ్చు ఎ.టి.పి. అను పదార్థమును 1929లో హార్వర్డులో ఫిస్కె, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి ప్రకటించారు. అదే ఏట జర్మనీలో లోమన్ కూడ ప్రకటించెను. ఆర్.ఎన్.ఎ. గొలుసును అల్లుటకు కావలసిన నాలుగు పదార్థములలో ఈ ఎ.టి.పి. ఒకటి. మాంసకృత్తులను తయారుచేయించుటయే ఆర్.ఎన్.ఎ. పని అని చాలకాలము తలచారు. అయితే మానవ జన్యురాశిలో మాంసకృత్తుల కూర్పును తెలుపు భాగము నూటికి రెండు వంతులైన లేదు.

1993లో ఆంబ్రోస్, రవ్‌కున్ అను అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక చిన్న పురుగులో వింతను చూచారు. మాంసకృత్తిగా మారని ఒక పొట్టి ఆర్.ఎన్.ఎ., మరొక ఆర్.ఎన్.ఎ.కు అతుకుకొని దాని పనిని అణచుచున్నది! ఇట్టివి మనిషిలో కూడ ఉన్నవని 2000లో తేలినది. వీనికి మైక్రో ఆర్.ఎన్.ఎ.లని పేరు వచ్చినది. 2024లో ఆ ఇద్దరికి నోబెల్ బహుమతి లభించినది.

మధుమేహము కలిగించిన ఎలుకల గుండెలలో 133వ మైక్రో ఆర్.ఎన్.ఎ. తగ్గుననియు, అది తగ్గినపుడు కండరకణములు ఉబ్బుననియు 2010లో వెల్లడియైనది. అదే సంవత్సరము, ఇటలీలోని బ్రూనెక్ వాసుల రక్తమును పరీక్షింపగా, రక్తనాళముల ఆరోగ్యమునకు తోడ్పడు 126వ రకము మధుమేహులలో తగ్గియున్నది. కొందరిలో వ్యాధి బయటపడక పూర్వమే తగ్గినది. అందుచేత ముప్పును రక్తపరీక్షతో ముందే పసికట్టవచ్చునను ఆశ కలిగినది.

అయితే ఎలుకలో తేలినదంతయు మనిషికి వర్తించదు. ఒక్కొక్క మైక్రో ఆర్.ఎన్.ఎ. అనేక జన్యువులను అదుపుచేయును గనుక, ఒకదానిని సరిదిద్దబోయి మరొకదానిని చెరుపవచ్చును. ఈ మార్గమున మధుమేహ హృదయమును నయముచేయు మందు ఇంకను వైద్యశాలలకు రాలేదు. అంతవరకు రక్తములోని చక్కెరను, రక్తపుపోటును అదుపులో ఉంచుకొనుట, ఆయాసము, కాళ్ళవాపు కనబడగనే వైద్యుని చూచుట – ఇవే గుండెకు రక్ష.