రక్తనాళములలో వేసిన బాట

ఆబిడ్సులోని పెద్ద పోస్టాఫీసు వద్ద నుండి నాంపల్లి స్టేషను వరకు ఒక సాయంకాలము నడచి చూడండి. రైలు దిగిన ప్రయాణికులు, కచేరీల నుండి ఇండ్లకు మరలే ఉద్యోగులు, అంగళ్ల ముందు బేరమాడే గృహిణులు, ఇంతమందియు ఆ కొద్దిపాటి వీథులలోనే సాగిపోవలసి ఉన్నది. ఎక్కడో ఒకచోట ఒక బండి అడ్డము తిరిగినదా, వెనుకనున్న వీథులన్నియు నిలిచిపోతవి. మన దేహములోని రక్తనాళముల సంగతి కూడ ఇంచుమించు ఇట్టిదే. గుండెకండరమునకు రక్తమును కొనిపోయే ధమని లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే. దాని లోపలిగోడలో కొవ్వు పేరుకొని, పూడిక పెరిగి, దానిపై రక్తము గడ్డకట్టినచో, ఆ నాళముపై ఆధారపడిన కండరము కొద్ది గంటలలో నశిస్తుంది. ఇట్టి పూడికయే కాలినాళములో ఏర్పడినచో నడక కుంటుపడుతుంది, పుండు మానదు, తుదకు కాలినే తీసివేయవలసి రావచ్చును.

వీథిలోని అడ్డును తొలగించడానికి మనుష్యుడు నడచి వెళ్లగలడు. రక్తనాళము లోపలికి వెళ్లడము ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో పలువురు పరాయివృత్తుల పనిముట్లను అరువు తెచ్చుకొన్నవారే కావడము విశేషము. ఆ అరువుల చరిత్రలో ఒక అధ్యాయము మన హైదరాబాదులో జరిగినది. ఆ కథనే నేడు శ్రోతలతో ముచ్చటించదలచినాము.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్‌జెన్ పండితుడు ఎక్సు కిరణములను కనుగొన్నారు. వానితో ఎముకలు కనబడినవి కాని, రక్తనాళములు కనబడలేదు. రక్తమునకు, మాంసమునకు నీడలో భేదము లేకపోవడమే ఇందుకు కారణము. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్, ఎక్సు కిరణములను అడ్డగించే ద్రవమును మెడలోని ధమనిలోనికి ఎక్కించి, మెదడు నాళములను చిత్రములో చూపగలిగినారు. ఇక మిగిలినది లోపలికి పోయే సాధనము.

1929లో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ వైద్యుడు ఆ సాహసము చేశారు. మూత్రనాళములలో వాడే సన్నని గొట్టమును తన మోచేతి సిర గుండా తానే ఎక్కించుకొని, ఎక్సురే గదికి నడచి వెళ్లి, గొట్టము కొన తన గుండెలోనికి చేరినట్లు చిత్రము తీయించుకొన్నారు. ఆనాటి పెద్దలు ఆయనను మెచ్చుకోలేదు. ఆయన విసిగి మూత్రవ్యాధుల వైద్యములో స్థిరపడినారు. ఆ దారినే ముందుకు సాగిన ఇద్దరు అమెరికా వైద్యులతో కలిపి ఆయనకు నోబెల్ బహుమానము ఇచ్చినది 1956లో, అనగా 27 ఏండ్ల తరువాత. ఈలోగా 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ ఒక సులువైన పద్ధతిని చెప్పినారు. సూదితో నాళమును పొడిచి, సూదిలో నుండి తీగను పంపి, సూదిని తీసివేసి, ఆ తీగ ఆధారముగా గొట్టమును లోపలికి నడిపించడమే ఆ పద్ధతి. నేటికిని దానినే అనుసరిస్తున్నారు.

అంతవరకు ఎక్సురే వైద్యుని పని చిత్రము తీసి శస్త్రవైద్యునికి అందించడముతో ముగిసేది. ఆ హద్దును దాటినవారు అమెరికాలోని పోర్ట్‌లండు నగరమునకు చెందిన చార్లెస్ డాటర్. నాళమును చూపించే గొట్టము నాళమును బాగు చేయడానికి మాత్రము ఎందుకు పనికిరాదని ఆయన ప్రశ్న. తీగల కోసము ఆయన గిటారు తంత్రులను, మోటారుకారు వేగమాపకపు తీగను కూడ పరీక్షించి చూసినారు. 1964 జనవరి 16వ తేదీన 82 ఏండ్ల వృద్ధురాలు ఒకామె ఆయన వద్దకు వచ్చినది. పాదము కుళ్లుచున్నది. కాలు తీసివేయాలని శస్త్రవైద్యులు చెప్పగా ఆమె ససేమిరా ఒప్పుకొనలేదు. డాటర్ ఆమె తొడ ధమనిలోని ఇరుకును సన్నని గొట్టముతో, దానిపై మరింత లావు గొట్టముతో వెడల్పు చేశారు. చల్లబడిన పాదము వెచ్చబడినది. ఆ తరువాత సుమారు రెండున్నర ఏండ్లకు చనిపోయేవరకు ఆమె తన కాళ్లపైననే నడచినది. ఇంత జరిగినను, చిత్రము మాత్రము తీయండి, బాగు చేయబోకండి అని వ్రాసి రోగిని ఆయన వద్దకు పంపిన శస్త్రవైద్యుడు లేకపోలేదు. 1969లో డాటర్ కుక్కల కాలినాళములలో తీగచుట్టలను నిలిపి చూసినారు. నేటి స్టెంటుకు మూలము అదే.

స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరములో ఆండ్రియాస్ గ్రూయెన్‌జిగ్ తన వంటింటి బల్ల మీదనే సన్నని బెలూను గొట్టములను తయారు చేసుకొన్నారు. 1974లో కాలినాళమునకు, 1977 సెప్టెంబరు 16న 38 ఏండ్ల రోగి గుండెధమనికి ఆ బెలూనును వాడినారు. ఐతే బెలూనుతో తెరచిన నాళము సుమారు మూడింట ఒకవంతు మందిలో కొద్ది నెలలకే మరల ఇరుకుపడేది. అందుచేత నాళమును తెరచి నిలిపే లోహపు జల్లెడగొట్టము, అనగా స్టెంటు, 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లండు దేశములలో మనుష్యుల గుండెధమనులలోనికి ప్రవేశించినది.

ఇక మన ఊరి కథ. గుంటూరు వైద్యకళాశాలలోను, చండీగఢ్‌లోను చదివిన డాక్టరు భూపతిరాజు సోమరాజుగారు హైదరాబాదులో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో గుండెజబ్బుల విభాగమున పనిచేసినారు. ఆ రోజులలో స్టెంట్లు విదేశముల నుండి రావలసి ఉండేవి. నాళమును తెరిచే విద్య మన వైద్యుల చేతికి వచ్చినది. దానిని తెరచి నిలిపే వస్తువు మాత్రము సామాన్య గృహస్థునికి అందని ధర పలికేది. ఇల్లాలి నగలు అమ్మిన గాని ఇంటి పెద్ద గుండె నిలువదనే స్థితి ఎన్ని కుటుంబములకు వచ్చినదో శ్రోతలకు వేరుగా చెప్పనక్కర లేదు.

అదే నగరములో 1982 నుండి క్షిపణుల నిర్మాణమునకు నాయకత్వము వహించినవారు డాక్టరు ఏ.పి.జె. అబ్దుల్ కలాముగారు. క్షిపణికిని గుండెకును ఏమి సంబంధమని అడుగవచ్చును. స్టెంటు లోహమునకు ఉండవలసిన గుణములను గమనించండి. బెలూను ఒత్తిడికి అది విచ్చుకోవాలి కాని, ఒత్తిడి తీసివేయగానే మరల ముడుచుకోరాదు. ఉప్పదనముగల రక్తములో ఏండ్ల తరబడి నానినను తుప్పు పట్టరాదు. నిముషమునకు 70 సార్లు కొట్టుకొనే గుండెపై వంగుచు లేచుచు ఉన్నను విరుగరాదు. దాని తలము నునుపుగా లేనిచో అక్కడనే రక్తము గడ్డకడుతుంది. లోహముల స్వభావమును ఇంత సూక్ష్మముగా ఎరిగినవారు ఈ నగరపు రక్షణ ప్రయోగశాలలలోనే ఉన్నారు. వైద్యుడు తనకు కావలసినదానిని చెప్పగా, లోహశాస్త్రజ్ఞులు దానిని తీర్చిదిద్దినారు. గత శతాబ్దపు చివరి దశకములో ఇట్లు తయారైన స్టెంటునకు కలాం-రాజు స్టెంటు అని పేరు వచ్చినది. అదే దశలో 3 కిలోల బరువుండే పోలియో కాలికట్టును 300 గ్రాములకు తగ్గించి పిల్లలకు ఇచ్చినది కూడ క్షిపణుల కొరకు పుట్టిన పదార్థ విజ్ఞానమే. సోమరాజుగారికి 2001లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

సోమరాజుగారు తమ సహచరులతో కలసి స్థాపించిన హృదయవైద్య సంస్థ నాంపల్లిలో ఎగ్జిబిషను మైదానపు దారిలో ఒక ఆసుపత్రిని నడిపినది. 1938లో మొదలై, 1946 నుండి ఈ మైదానములో జరిగే నుమాయిషుకు దేశపు నలుమూలల నుండి పనివారి సరకు వస్తుంది. ఒక వృత్తివాడు మరొకని పనితనమును చూచి నేర్చుకొనే చోటు అది. ఆ దారిలోనే ఇట్టి అరువుతో పెరిగిన వైద్యము ఉండడము మాకు ఉచితముగానే తోచినది.

చరిత్ర ఒక్క వస్తువుతో ఆగదు. 2002, 2003 సంవత్సరములలో మందుపూత గల స్టెంట్లు విదేశములలో వాడుకకు వచ్చి, మరల ఇరుకుపడే బాధను చాలవరకు తగ్గించినవి. వట్టి లోహపు స్టెంట్లు క్రమముగా వెనుకబడినవి. ధర సమస్య మాత్రము అట్లే మిగిలినది. తుదకు 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము గరిష్ఠ ధరలను నిర్ణయించినది. వట్టి లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందుపూత స్టెంటుకు 29,600 రూపాయలు. వైద్యుడు, లోహశాస్త్రజ్ఞుడు మొదలుపెట్టిన పనికి తుది మెరుగు శాసనమే పెట్టవలసి వచ్చినది.

స్టెంటు సర్వరోగనివారణి అని కూడ మేము చెప్పబోము. గుండెపోటు వచ్చిన వేళ నాళమును త్వరగా తెరవడము ప్రాణమును నిలుపుతుంది. నిలకడగా ఉన్న గుండెనొప్పి రోగులలో మాత్రము, మంచి మందులకు తోడు స్టెంటు వేసినంత మాత్రమున ఆయుస్సు పెరగలేదని 2007లో వెలువడిన ఒక పెద్ద అమెరికా పరిశోధన చూపినది. ఎప్పుడు తెరవాలో తెలిసినట్లే, ఎప్పుడు తెరవనక్కర లేదో తెలియడము కూడ పరిశోధనయే.

గృహస్థులు గుర్తుంచుకోదగిన మాట ఒకటి ఉన్నది. మధుమేహము గలవారిలోను, పొగత్రాగేవారిలోను, కొంతదూరము నడువగానే పిక్కలు పట్టుకొని, నిలబడితే నొప్పి తగ్గుచున్నదంటే దానిని వృద్ధాప్యమని తోసివేయరాదు. కాలి మీద మానని పుండును నెలల తరబడి కట్లతో కప్పియుంచరాదు. కాలు తీసివేయాలన్న మాట వినబడినప్పుడు, ముందుగా రక్తనాళములను పరీక్షించినారా అని వైద్యుని అడగడము తప్పు కాదు. పోర్ట్‌లండు వృద్ధురాలు కాలు తీసివేయుటకు ఒప్పుకొనలేదు. ఆమె ఒప్పుకొనక మొండికెత్తినందున ఆమె కాలు మిగిలినది, ఆ తరువాత వచ్చినవారికి ఒక బాట పడినది.