రాకెట్ల దీవిలో అడవి ఎలా మిగిలింది?

శ్రీహరికోట అనగానే మనకి రాకెట్లే గుర్తొస్తాయి కదా. నిజానికి అదొక దీవి. ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క పులికాట్ సరస్సు. 2022 దాకా నెల్లూరు జిల్లానే, ఇప్పుడు తిరుపతి జిల్లా.

1969లో రాకెట్ కేంద్రానికి ఈ చోటు ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ ఎగిరింది. కేంద్రం కింద ఉన్నది 43 వేల ఎకరాల పైనే! ప్రమాదం జరిగితే జనానికి దెబ్బ తగలకూడదని చాలా భూమి ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీలోనే అడవి బతికింది. తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

కానీ నాకు ఒక్కటి మింగుడు పడదు. ఆ అడవిలో తేనె, దుంపలు, మందుమొక్కలు ఏరుకుని బతికింది యానాదులు. 1840ల్లో నెల్లూరులో డాక్టరుగా ఉన్న పక్షిశాస్త్రవేత్త జెర్డన్, ఇక్కడి జంతువుల సంగతులు యానాదుల్నే అడిగి తెలుసుకునేవాడు. అంత తెలిసినవాళ్లు! కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు ఊళ్లు వదిలి వెళ్లాల్సొచ్చింది.

దగ్గర్లోనే నేలపట్టు చూడండి. అక్కడ ఎవర్నీ పంపెయ్యలేదు. గూడబాతుల రెట్ట చెరువు నీళ్లలో కలిసి పొలాలకి ఎరువవుతుందని, 1976లో అభయారణ్యం కాకముందే ఊరివాళ్లే వాటిని కాపాడుకున్నారు.